ఎనిమిది ఖాతాలు పదమూడు ఎలా అయ్యాయి?

ప్రశ్న: 2005 నుంచి ఇంటి లెక్కలన్నీ ఒక పాత విండోస్ సాఫ్ట్‌వేర్‌లో రాసుకుంటున్నాను. దానికిప్పుడు అప్‌డేట్లు రావడం లేదు, ల్యాప్‌టాప్ కూడా మొరాయిస్తోంది. గ్నూక్యాష్ అనే ఉచిత లెక్కల సాఫ్ట్‌వేర్‌కు మారదామని ఎనిమిది ఖాతాలను ఎనిమిది క్యూఐఎఫ్ ఫైళ్లుగా తీసి ఒక్కొక్కటే ఎక్కించాను. చూస్తే ఖాతాలు పదమూడు! ఒకే బ్యాంకువి అనిపించినవాటిని కలిపేశాను. ఇప్పుడు బదిలీలన్నీ రెండేసిసార్లు కనిపిస్తున్నాయి. పోస్టాఫీసు ఆర్‌డీకి ప్రతి నెలా 5న కట్టిన 36 వాయిదాలూ మే నెలల్లోనే పడ్డాయి. ఎప్పుడో ముగిసిన ఎఫ్‌డీ మైనస్ 38,400 చూపిస్తోంది. విచిత్రం ఏమిటంటే మొత్తం ఆస్తి లెక్క మాత్రం సరిగ్గా ఆ 38,400 తేడాతో సరిపోతోంది. 2019 నుంచి చేతిఖర్చులు ఫోన్ యాప్‌లో తెలుగులో రాశాను, వాటి సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) కూడా ఎక్కించాలి. తప్పు పడినవన్నీ ఒక్కొక్కటే దిద్దుకుంటూ పోవాల్సిందేనా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దండీ, ఒక్కటి కూడా దిద్దొద్దు. మీ డేటా బాగానే ఉంది. ఎక్కించేటప్పుడు గ్నూక్యాష్ రెండు ప్రశ్నలు అడిగింది, రెండింటికీ జవాబు తప్పింది. మూడో తప్పు అది అడగనిది: ముగిసిన ఎఫ్‌డీ ఫైలు మీరే ఇవ్వలేదు. ఇప్పుడున్న పుస్తకాన్ని, అంటే గ్నూక్యాష్ లెక్కల ఫైలును, పక్కన పడేసి కొత్త పుస్తకంలో మళ్లీ ఎక్కించండి. ఒక పూట పని. దిద్దడం మొదలుపెడితే ఇరవై ఏళ్ల పద్దుల్లో ఏది అసలో ఏది నకలో తేల్చుకోలేక నెలలు పడుతుంది.

మొత్తం ఆస్తి సరిపోవడమే ఇక్కడ పెద్ద ఆధారం. పద్దులు పోయినా, ఖర్చులు రెండుసార్లు ఎక్కినా మొత్తం మారాలి. బదిలీ రెండుసార్లు ఎక్కితే మాత్రం మారదు, ఒక ఖాతాలో అదనంగా తగ్గినదే ఇంకో ఖాతాలో అదనంగా పెరుగుతుంది కాబట్టి. విడివిడిగా ఖాతాలు తప్పి మొత్తం సరిపోయిందంటే అనుమానించాల్సింది బదిలీలనే.

క్యూఐఎఫ్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ప్రతి లైను మొదట్లో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. డి అంటే తేదీ, టి అంటే మొత్తం, పి అంటే ఎవరికి, ఎమ్ అంటే మెమో, ఎల్ అంటే కేటగిరీ. ^ గుర్తుతో ఒక లావాదేవీ ముగుస్తుంది. ఎల్ లైన్లో ‘కిరాణా’ అని ఉంటే అది ఖర్చు. అదే పేరు చదరపు బ్రాకెట్లలో, ‘[ఎస్‌బీఐ సేవింగ్స్]’ అని ఉంటే ఆ ఖాతాకు బదిలీ. ఆ బ్రాకెట్లే మీ కథంతా నడిపించాయి.

మీ యూనియన్ బ్యాంకు ఖాతా ఒకప్పటి ఆంధ్రా బ్యాంకుది అనుకుందాం. 2020 ఏప్రిల్ 1న విలీనం జరిగాక చాలామంది పాత సాఫ్ట్‌వేర్‌లో ఖాతా పేరు మార్చుకున్నారు గానీ నోటికి మాత్రం ఆంధ్రా బ్యాంకే వస్తుంది, ఫైలుకూ ఆ పేరే పెడతారు. ఆ ఖాతా నుంచి 2015 జూన్ 12న ఎస్‌బీఐకి 25,000 పంపారనుకోండి. అది రెండు ఫైళ్లలోనూ ఉంటుంది. మొదటి ఫైల్లో టి లైను మైనస్ 25,000, ఎల్ లైను [ఎస్‌బీఐ సేవింగ్స్]. ఎస్‌బీఐ ఫైల్లో టి లైను 25,000, ఎల్ లైను [యూనియన్ సేవింగ్స్]. ఒకే బదిలీకి రెండు వైపులు ఇవి.

ఇప్పుడు ఇంపోర్ట్ దగ్గరికి రండి. ఇది ఏ ఖాతా ఫైలో లోపల రాసి లేకపోతే గ్నూక్యాష్ మధ్యలో ఆగి ఖాతా పేరు అడుగుతుంది. పాత ప్రోగ్రామ్‌లో ఉన్న పేరే ఇక్కడా వాడమని ఆ పేజీలోనే రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, అదే చిక్కు. అక్కడ మీరు ‘ఆంధ్రా బ్యాంక్’ అని ఇచ్చి, రెండో ఫైలుకు పొట్టిగా ‘ఎస్‌బీఐ’ అని ఇచ్చి ఉంటారు. దాంతో మొదటి ఫైలు ఆంధ్రా బ్యాంక్, ఎస్‌బీఐ సేవింగ్స్ అనే రెండు ఖాతాలను పుట్టించింది. రెండో ఫైలు ఎస్‌బీఐ, యూనియన్ సేవింగ్స్ అనే ఇంకో రెంటిని పుట్టించింది. ఉన్న రెండు ఖాతాలకు నాలుగు పేర్లు. మీకు ఇలా ఒకే ఖాతాకు రెండు పేర్లున్న జంటలు నాలుగు వచ్చి ఉంటాయి, వాటికి పాత ఎఫ్‌డీ తోడైతే ఎనిమిది పదమూడవుతాయి. ఆ దొంగ ఖాతాలను తెరిచి చూసి ఉంటే వాటిలో జీతం, కరెంటు బిల్లు లాంటివేవీ ఉండేవి కావు, అన్నీ బదిలీలే.

ఆ తర్వాత మీరు చేసినది చూడటానికి సబబుగానే ఉంటుంది. దొంగ ఖాతాను డిలీట్ చేస్తూ, అందులోని పద్దులను అసలు ఖాతాలోకి మార్చమన్నారు. అంతవరకు వేర్వేరు జంటల మధ్య ఉన్న రెండు వైపులూ ఒకే జంట మధ్యకు వచ్చి పడ్డాయి. 25,000 కాస్తా 50,000 అయింది. ఖాతాలు కలిపాక ‘ఇవి రెండూ ఒకటే’ అని గ్నూక్యాష్ తనంతట తాను గుర్తుపట్టదు. ఆ పని ఇంపోర్ట్ సమయంలోనే, పేర్లు కలిస్తేనే జరుగుతుంది.

ఇక ఆర్‌డీ. క్యూఐఎఫ్‌లో తేదీ ఏ వరసలో రాయాలో నిర్ణయం లేదు. 05/04/2023 అంటే మనకు ఏప్రిల్ 5, అమెరికా లెక్కలో మే 4. ఫైల్లో ఎక్కడైనా 17/04 లాంటి తేదీ ఒక్కటి ఉన్నా చాలు, 17వ నెల లేదు కనుక గ్నూక్యాష్ వరస తనే తేల్చుకుంటుంది. సేవింగ్స్ ఖాతా ఫైల్లో అలాంటివి వందలుంటాయి. ఆర్‌డీ ఫైల్లో ఒక్కటీ లేదు, ఎందుకంటే మీరు క్రమం తప్పకుండా 5నే కట్టారు. అప్పుడది వరస ఎంచుకోమని అడుగుతుంది. నెల ముందుండే వరస ఎంచుకుంటే జనవరి 5 మే 1 అవుతుంది, ఫిబ్రవరి 5 మే 2, అలా డిసెంబరు 5 మే 12. ఏడాదికి పన్నెండు వాయిదాలూ మే నెల మొదటి పన్నెండు రోజుల్లో వరసగా కూర్చుంటాయి. 36లో సరైన తేదీ మీద ఉన్నవి మే 5నాటి మూడే. క్రమశిక్షణకు దక్కిన శిక్ష ఇది! ఎస్‌ఐపీ, ఈఎంఐ ఖాతాలకూ ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. తేదీ తప్పితే పేర్లు కలిసినా బదిలీల జత కుదరదు, అందుకే ఆర్‌డీ వాయిదాలు కూడా సేవింగ్స్‌లో రెండుసార్లు పడి ఉంటాయి.

ఎఫ్‌డీ మైనస్ సంగతి తేలిక. ముగిసిన ఖాతా కాబట్టి పాత సాఫ్ట్‌వేర్ దాన్ని దాచేసి ఉంటుంది, మీరు ఎగుమతి చేయలేదు. దాంట్లోకి వెళ్లిన లక్ష, దాంట్లోంచి తిరిగొచ్చిన 1,38,400 సేవింగ్స్ ఫైలు ద్వారా వచ్చేశాయి. మధ్యలో వడ్డీ జమ చేసిన పద్దులు మాత్రం ఎఫ్‌డీ ఫైల్లోనే ఉండిపోయాయి. ఆ 38,400 మీ వడ్డీ అన్నమాట. ముగిసిన ఖాతా మైనస్‌లో కనిపిస్తే ముందు దాని ఫైలు ఇచ్చామా లేదా అని చూసుకోవాలి.

సరే, మళ్లీ ఎక్కించే పద్ధతి. పాత సాఫ్ట్‌వేర్ అసలు డేటా ఫైలును ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మూసేసిన ఖాతాలను కూడా చూపించే ఆప్షన్ ఆన్ చేసి, అన్నింటినీ తాజాగా ఎగుమతి చేయండి. ప్రతి ఫైలుకూ పాత సాఫ్ట్‌వేర్‌లో ఖాతా పేరు ఎలా ఉందో అచ్చం అలాగే పేరు పెట్టండి. సరైన పేరు ఏదో అనుమానం వస్తే దాన్ని ఆ ఖాతా ఫైల్లో వెతక్కండి, వేరే ఖాతా ఫైళ్లలో చూడండి. యూనియన్ ఖాతా పేరు ఎస్‌బీఐ ఫైల్లోని బ్రాకెట్ల మధ్య దొరుకుతుంది. ఆ పేర్లన్నీ ఒక నోట్‌ప్యాడ్ పేజీలోకి కాపీ చేసి పెట్టుకోండి. ఇంపోర్ట్‌లో అడిగినప్పుడు టైపు చేయకుండా అక్కణ్నుంచి పేస్ట్ చేయండి. ఒక స్పేస్ ఎక్కువైనా, ఒక చుక్క తగ్గినా కంప్యూటరుకు అది వేరే ఖాతానే.

గ్నూక్యాష్‌లో కొత్త ఫైలు మొదలుపెట్టినప్పుడు కరెన్సీ ఐఎన్ఆర్ అని ఉందో లేదో చూడండి. విండోస్ రీజియన్ అమెరికా అని ఉన్న మెషీన్లలో డాలరు వచ్చి కూర్చుంటుంది. తర్వాత మార్చడం కంటే మళ్లీ మొదలుపెట్టడమే నయం. ఓపెనింగ్ బ్యాలెన్సులు ఏవీ చేత్తో ఇవ్వొద్దు, ఫైళ్లలో ఉన్నవి వస్తాయి. మీరూ ఇస్తే రెట్టింపవుతాయి. సేవ్ చేసేటప్పుడు ఎక్స్ఎమ్ఎల్ ఫార్మాట్‌నే ఉంచండి. ఎస్‌క్యూలైట్ ఎంచుకుంటే ప్రతి మార్పూ అప్పటికప్పుడే డిస్కు మీదికి వెళ్లిపోతుంది, ‘సేవ్ చేయకుండా మూసేద్దాం’ అనే వెసులుబాటు ఉండదు. ఎక్స్ఎమ్ఎల్‌లోనూ ఆటోసేవ్ ఉంది కాబట్టి, ఇంపోర్ట్‌కు ముందు ఖాళీ పుస్తకాన్ని వేరే పేరుతో కాపీ చేసుకోండి.

తర్వాత ఫైల్ మెనూలో ఇంపోర్ట్, అందులో ఇంపోర్ట్ క్యూఐఎఫ్. మొదటి ఫైలు ఎంచుకోండి. తేదీ వరస అడిగితే డి-ఎమ్-వై (రోజు-నెల-ఏడాది). పేరు అడిగితే పేస్ట్. ఆ తర్వాత వచ్చే పేజీలో ఇప్పటిదాకా ఎక్కిన ఫైళ్ల జాబితా, పక్కన ‘లోడ్ అనదర్ ఫైల్’ అనే బటన్ ఉంటాయి. పోయినసారి మీరు ఈ బటన్ వదిలేసి ముందుకు వెళ్లారు, అందుకే ఒక్కో ఫైలూ ఒక్కో ఇంపోర్ట్ అయింది. ఈసారి అన్ని ఫైళ్లూ ఈ జాబితాలోకి వచ్చాకే ముందుకు కదలండి. ఒకే విడతలో ఉన్నప్పుడే బదిలీ రెండు వైపులనూ అది పక్కపక్కన పెట్టి ఒకటిగా చేస్తుంది.

తర్వాతి పేజీలో పాత ఖాతాలకు గ్నూక్యాష్ ఖాతాలను జత చేస్తుంది. అక్కడ కూర్చుని లెక్కపెట్టండి. ఎనిమిది, ముగిసిన ఎఫ్‌డీతో తొమ్మిది ఉండాలి. పది కనిపిస్తే ఎక్కడో ఒక పేరు తప్పింది. అప్పుడు క్యాన్సిల్ కొట్టి మొదటికి రండి, ఇంకా ఏదీ పుస్తకంలోకి ఎక్కలేదు కాబట్టి నష్టం లేదు. కేటగిరీల పేజీలో మరీ పట్టింపు వద్దు, ‘కిరాణా’, ‘కిరాణా సామాను’ లాంటివి తర్వాతైనా కలపొచ్చు. అసలు కేటగిరీయే లేని పద్దులు ‘అన్‌స్పెసిఫైడ్’ అనే ఖాతాలోకి వెళ్తాయి. దాన్ని చూసి కంగారు పడొద్దు. అది డబ్బు పోయిన చోటు కాదు, మీరు అప్పట్లో కేటగిరీ రాయని చోటు.

ఇంటి అప్పు ఉంటే ఒక ముందుజాగ్రత్త. ఈఎంఐ 18,500లో వడ్డీ 14,200, అసలు 4,300 అని విడగొట్టి రాసేవారైతే, బ్యాంకు ఫైల్లో అది ఒకే లావాదేవీగా రెండు ముక్కలతో ఉంటుంది. అప్పు ఫైల్లో 4,300 మాత్రమే ఉంటుంది. మొత్తాలు వేరు కావడంతో జత కుదరకపోయే అవకాశం ఎక్కువ. అందుకే అప్పు ఖాతా ఫైలును అసలు ఇవ్వకపోవడమే మేలు. బ్యాంకు ఫైల్లోని ముక్కలే ఆ ఖాతాను పుట్టించి నింపుతాయి. మొదట తీసుకున్న అప్పు మొత్తాన్ని ఒక్క ఎంట్రీగా మీరు చేత్తో రాస్తే సరి. మొత్తాన్ని బ్యాంకు బిల్డరుకే చెల్లించి ఉంటే దాని రెండో వైపు ఇల్లు అనే ఆస్తి ఖాతా అవుతుంది.

మ్యూచువల్ ఫండ్ల విషయంలో మా సలహా కొంచెం మొండిగా ఉంటుంది: పాత చరిత్రను క్యూఐఎఫ్‌లో లాగొద్దు. యూనిట్లు మూడు దశాంశాల దాకా, ఎన్ఏవీ (ఒక యూనిట్ ధర) నాలుగు దశాంశాల దాకా ఉంటాయి. గుణిస్తే పైసలు కలవవు. పైగా 2020 జులై 1 నుంచి కొనుగోలు మీద 0.005 శాతం స్టాంప్ డ్యూటీ ఉంది. బ్యాంకులో 5,000 పోతే ఫండ్‌లో చేరేది 4,999.75. పాతికపైసల తేడా పద్దులు నెలనెలా వెతుక్కోవడం ఎవరికి సరదా? ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ సంస్థల సైటు నుంచి మొదటినుంచీ ఉన్న వివరమైన కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ ఈమెయిల్‌కు తెప్పించుకుని, మొన్నటి మార్చి 31న ఒక్కో ఫండ్‌లో ఎన్ని యూనిట్లు, వాటికి పెట్టిన డబ్బెంత అన్నది ఒక్కో ఎంట్రీగా రాయండి. గ్నూక్యాష్ సెక్యూరిటీ ఎడిటర్‌లో ‘ఫ్రాక్షన్ ట్రేడెడ్’ 1/1000 గానీ అంతకంటే చిన్నది గానీ ఉండాలి. 1/100 ఉంటే మూడో దశాంశం ఎగిరిపోతుంది. పన్ను లెక్కలకు ఆ స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దాచుకోండి, అమ్మినప్పుడు కావలసింది అదే.

ఎక్కించాక వెంటనే సేవ్ చేయకుండా నిల్వలు సరిచూడండి. పాస్‌బుక్ తెచ్చుకుని ప్రతి ఏడాదీ చూడనక్కర్లేదు. మొన్నటి మార్చి 31 నిల్వ కలిస్తే ఆ ఖాతాకు దాదాపు అయిపోయినట్టే. కలవకపోతే మధ్యకు, 2015 మార్చికి వెళ్లండి. అక్కడ కలిస్తే తప్పు ఆ తర్వాత, కలవకపోతే అంతకుముందు. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే ఇరవై ఏళ్లలో తప్పున్న ఏడాదిని అయిదు చూపుల్లో పట్టుకోవచ్చు. తేడా మొత్తం కూడా మాట్లాడుతుంది. అది ఏదో ఒక పద్దుకు సరిగ్గా సమానమైతే ఆ పద్దు రాలేదు, లేదా రెండోసారి వచ్చింది. ఏదో పద్దుకు సరిగ్గా రెట్టింపైతే ప్లస్-మైనస్ తారుమారైంది.

ఇక ఫోన్ యాప్ సీఎస్‌వీ. దీన్ని బ్యాంకు లెక్కలన్నీ కుదిరి, సేవ్ చేసి, బ్యాకప్ తీసుకున్నాకే ముట్టుకోండి. ముందు ఆ ఫైలు మీద డబుల్‌క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచే అలవాటు మానాలి. అలా తెరిస్తే తెలుగు చెదిరిపోవచ్చు, తేదీలను ఎక్సెల్ తన లెక్కలో మార్చేస్తుంది, 12 అంకెల యూపీఐ రిఫరెన్సు నంబర్లు పదకొండు అంకెలు దాటినందుకు 4.12ఈ+11 లాంటి రూపంలోకి పోతాయి. ఆ రూపంలో సేవ్ కొడితే అసలు అంకెలు ఇక లేనట్టే. ఎక్సెల్‌లో డేటా ట్యాబ్‌కు వెళ్లి ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెరిచి, ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో రాసే పద్ధతి) యూటీఎఫ్-8 అని, నంబర్ల కాలమ్ టెక్స్ట్ అని చెప్పండి. లిబ్రెఆఫీస్ ఉంటే ఇంకా సుఖం, తెరిచేటప్పుడే ఇవన్నీ అడుగుతుంది.

తెలుగు పాడైందా లేదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. అక్షరాల బదులు అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే ఆ ఫైల్లో తెలుగు పోయింది, ఏ తంటాలు పడ్డా తిరిగి రాదు. ఫోన్ నుంచి మళ్లీ ఎగుమతి చేయాలి. అలా కాకుండా ఇంగ్లీషు ‘ఏ’ మీద చిన్న గీత, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనిపిస్తుంటే సంతోషించండి. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, వాటిలో మొదటి రెండింటినీ పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌లో చదివితే కనిపించేవి ఆ గుర్తులే. డేటా క్షేమం, చదివే తీరు తప్పు. గ్నూక్యాష్ సీఎస్‌వీ ఇంపోర్ట్ పేజీలో ఎన్‌కోడింగ్ మార్చగానే కింద ప్రివ్యూలో ‘కూరగాయలు’ ప్రత్యక్షమవుతాయి. సవరించిన ఫైలును ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు కూడా మామూలు సీఎస్‌వీ కాకుండా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి, లేదంటే ఆ ప్రశ్నార్థకాలు మీరే సృష్టించుకున్నట్టు.

ఎక్కించే ముందు ఆ షీటులో మూడు సవరణలు అవసరం పడొచ్చు. చాలా యాప్‌లు జమనూ ఖర్చునూ రెండింటినీ ప్లస్‌లోనే రాసి, పక్కన ఇంకో కాలమ్‌లో రకం చెబుతాయి. అలా ఉంటే ఖర్చు వరసల మొత్తాన్ని మైనస్ ఒకటితో గుణించిన కొత్త కాలమ్ చేయండి. 1,25,000 లాంటి మన లక్షల కామాలను నంబర్ ఫార్మాట్‌లో తీసేయండి, మూడేసి అంకెల కామాకు అలవాటుపడ్డ ప్రోగ్రాములు వాటి దగ్గర తడబడతాయి. మూడోది అన్నింటికంటే ముఖ్యం: యాప్‌లో ‘ఏటీఎమ్ నుంచి తీసినది’ అని జమ రాసుకున్న వరసలన్నీ తొలగించండి. అవి సేవింగ్స్ ఫైలు నుంచి నగదు ఖాతాకు బదిలీలుగా ఇప్పటికే వచ్చేశాయి. ఉంచితే మీ పర్సులో ఎన్నడూ లేని డబ్బు గ్నూక్యాష్‌లో పోగవుతుంది.

ఇంపోర్ట్ మెనూలో ఇంపోర్ట్ ట్రాన్సాక్షన్స్ ఫ్రమ్ సీఎస్‌వీ తీసుకుని, మొదట ఇరవై వరసలున్న చిన్న ఫైలుతో ప్రయత్నించండి. శీర్షిక వరస ఒక్కటి వదిలేయమని చెప్పి, తేదీ వరస డి-ఎమ్-వై ఇచ్చి, ఒక్కో కాలమ్ పైన అది ఏమిటో ఎంచుకోండి. ఆ ఇరవై సరిగ్గా కూర్చుంటే ఈ సెట్టింగులను ఒక పేరుతో సేవ్ చేసి, మిగతాది ఏడాదికో ఫైలుగా ఎక్కించండి. మొదటి ఫైలు దగ్గర ఖర్చు ఖాతాలను ఓపిగ్గా చూపించాల్సి ఉంటుంది. తర్వాత ఫైళ్లకు ‘పాలు’ అనగానే ఏ ఖాతానో అదే సూచిస్తుంది. మీరు చూపించనివి ఇంబాలెన్స్-ఐఎన్ఆర్ అనే తాత్కాలిక ఖాతాలో పడతాయి, తీరికగా సర్దుకోవచ్చు.

ఇదంతా అయ్యేలోగా ఈ నెల ఖర్చులు పాత సాఫ్ట్‌వేర్‌లోనే రాసుకుంటుంటే ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ తర్వాత అందులో ఒక్క పద్దు కూడా వద్దు. చివరి ఎగుమతి ఆ రోజుదే కావాలి.